పంపు గదిలో ఉడికిన విత్తనం

ఆ ఏడు గెస్ట్‌హౌస్ ముందు చలిగడ్డి మొలవకపోవడానికి కారణం నేను. విత్తనాన్ని పాడు చేసింది నేనే. ఒక సంచి మాయమైందని గొడవ జరిగింది, దాన్ని వాగులో పారేసిందీ నేనే. ఈ మాట చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. ఏడేళ్లు చెప్పలేదు. నేను చెప్పని ఆ మాట వల్ల ఒక ఆడమనిషికి దొంగ అన్న పేరు పడింది, ఆమె పని పోయింది, నాకు మాత్రం అడిగిన చోటికి బదిలీ అయింది.

అప్పట్లో నేను మహారాష్ట్రలో, రాజురా దాటాక ఉండే ఒక గని కాలనీలో ఓవర్సీయర్‌ని. క్వార్టర్ల సున్నాలు, మురికి కాలువలు, కారే పైకప్పులు నా పని. గెస్ట్‌హౌస్ లాన్ కూడా నా కిందికే వచ్చేది. మా నాన్న మంచిర్యాల వైపు నుంచి గనిలో పనికి వచ్చినవాడు. బడి సెలవుల్లో నన్ను ఊరికి పంపేవాడు. నారుమళ్లలో మోకాలి లోతు దిగి పెరిగినవాణ్ని కాబట్టి గింజ గురించి, మట్టి గురించి నాకు ఒకరు చెప్పాల్సింది లేదనుకునేవాణ్ని. నన్ను చెడగొట్టింది ఆ నమ్మకమే.

మే నెలలో మా కాలనీలో ఇనుప గేటును ఒట్టి చేత్తో పట్టుకోలేం. అంత ఎండకూ చావని గడ్డి గరిక ఒక్కటే. దానికి చలి పడదు. డిసెంబర్ వచ్చేసరికి రంగు పోయి, ఎండుటాకులా మారి, మళ్లీ హోలీ దాకా నిద్రపోతుంది. పెద్ద అధికారులేమో చలికాలంలోనే వస్తారు. ఎండాకాలం పిలిచినా ఎవరూ రారు. అంటే గరిక నిద్రపోయే రోజుల్లోనే లాన్ పచ్చగా కనిపించాలి. దానికి ఉపాయం, గరిక మీదనే చలిదేశపు గడ్డి గింజ చల్లడం. సంచి మీద ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది, మేము చలిగడ్డి అనేవాళ్లం. అది చలిలో మొలిచి, మూడు నాలుగు నెలలు పచ్చగా ఉండి, ఎండలు ముదరగానే చచ్చిపోతుంది. అప్పటికి గరిక లేస్తుంది.

ఆ పని తెలిసిన మనిషి కాలనీలో ఒక్కతే. కోర్‌పనా వైపు రైతు ఇంటి ఆడబిడ్డ, భర్త పోయాక కాంట్రాక్టు కూలీగా చేరింది. నాకంటే అయిదారేళ్లు పెద్ద. నేను అక్కా అనేవాణ్ని. ఆమె నలుగురిలో సారు అనేది, మేమిద్దరమే ఉంటే తమ్మీ అనేది. చదువు లేదు. గింజ ఎప్పుడు చల్లాలో కాలెండరు చూసి చెప్పేది కాదు. దసరా వెళ్లిన దగ్గర నుంచి రోజూ తెల్లవారి చెప్పులు విడిచి లాన్ మధ్యలో కాసేపు నిలబడేది. అరికాలికి చల్లదనం తగలాలి, జివ్వుమనాలి. అప్పటిదాకా సంచి మూతి విప్పనిచ్చేది కాదు.

అరికాలు జివ్వుమన్న రోజున పని మొదలయ్యేది. గరికను నేల కనిపించేదాకా కోయించేది. ఎండు తుక్కంతా దంతెతో గీకి తీయించేది. గింజను జల్లించిన ఇసుకతో కలిపి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చల్లేది. పైన వేలి మందం కూడా లేకుండా చివికిన పేడ ఎరువు. తర్వాత పది రోజులు రోజుకు నాలుగుసార్లు నీళ్లు, అదీ పైపు మూతికి గుడ్డ కట్టి, గింజ కదలకుండా. ఆమె చేతి కింద మొలిచిన మొదటి ఏడు నాకింకా గుర్తుంది. వెనక ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలు నల్లగా, ముందు ఆ పచ్చదనం. దారిన పోయే లారీ డ్రైవర్లు కూడా బండి నెమ్మది చేసి చూసేవాళ్లు. ఆమె కాలనీలో చేసిన పనులన్నింటిలో, ఎట్లా చేయాలని ఎవరైనా ఆమెను అడిగిన పని అదొక్కటే.

ఏడేళ్ల కింద హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడన్నారు. లాన్ మీద కుర్చీలు వేసి సభ పెట్టాలి. రాక దీపావళికి ముందే. మా పెద్ద సారు నన్ను గదికి పిలిచి అప్పటికి లాన్ పచ్చగా అవుతుందా అని అడిగాడు. కాదని చెప్పాల్సింది. అవుతుంది సార్ అన్నాను. ఆ రోజుల్లో చంద్రపూర్ బదిలీ కోసం నా అర్జీ ఆయన బల్ల మీద ఉంది. మా అమ్మాయి చదువుకు అక్కడ ఇల్లు తీసుకోవాలని మా ఇంట్లో ఏడాదిగా అదే మాట. కాదన్న నోటితో అర్జీ గురించి అడగలేననిపించింది.

అక్కకు చెబితే ఆమె ఒక్కటే అన్నది, ఇంకా నేల కాలుతున్నది, దీపావళి వెళ్లి వారం కావాలి, అప్పటిదాకా గింజ నిలవదు అని. నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. మామూలుగా వేస్తే మొలవడానికే వారం దాటుతుంది. అంత వ్యవధి లేదు. అప్పుడు నాకు నారుమడి గుర్తుకొచ్చింది.

వరి గింజను మా వాళ్లు మండె కడతారు. ఒక పగలూ రాత్రీ నానబెట్టి, గోనె సంచిలో పోసి మూతి కట్టి, పైన గడ్డి కప్పి, బరువు పెడతారు. లోపల వేడి పుట్టి గింజ ముక్కు పగులుతుంది. తెల్లగా మొలక తొంగిచూశాక మడిలో చల్లితే నాలుగు రోజుల్లో పచ్చబడుతుంది. చలిగడ్డిని కూడా అట్లా చేస్తే వారం కలిసొస్తుంది కదా అనుకున్నాను. ఇంత చిన్న ఉపాయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదేమని లోలోపల మురిసిపోయాను కూడా.

స్టోరు నుంచి నాలుగు సంచుల విత్తనం తెప్పించి తొట్టిలో నానబోశాను. అది చూసి అక్క చేతిలో దంతె కింద పెట్టింది.

"గిది వడ్లు కాదు తమ్మీ. సల్లటి దేశం గింజ. దాన్ని గోనెల కట్టి ఉడకబెడ్తవా?"

మండె కట్టడం నాకు కొత్త కాదన్నాను. ఆమె వినలేదు. వడ్లకు పైన గట్టి పొట్టు ఉంటుంది, దీనికి లేదు, ఈ ఎండకు లోపల గంజి అవుతుంది అన్నది. పోనీ ఒక పిడికెడు గుడ్డలో కట్టి చూద్దాం అన్నది. అంత తీరిక లేదన్నాను. అప్పటికీ కదలకపోతే, నువ్వు మాలివి, నేను ఓవర్సీయర్‌ని, ఎవరి పని వాళ్లం చూసుకుందాం అన్నాను. ఆమె నన్ను ఓసారి చూసి దంతె తీసుకుని పోయింది.

నాలుగు గోనెలూ పంపు గదిలో పెట్టించాను. పైన వరిగడ్డి, దాని మీద బండరాళ్లు. ఎవరూ కదపకూడదని తాళం వేసి తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. మర్నాడు చంద్రపూర్‌లో మీటింగ్ అన్నారు. ఒక్క రోజు అనుకుని పోతే రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పంపు గదిలో మోటారు నడుస్తూనే ఉంది, కిటికీ లేదు, పైన రేకు. మీటింగ్‌లో కూర్చున్నా నా మనసంతా ఆ తాళం మీదే. తాళంచెవి జేబులో ఉంది. ఫోన్ చేసి తాళం పగలగొట్టి సంచులు తీసి గాలికి పెట్టమని అక్కకు చెప్పొచ్చు. చెబితే ఆమె మాటే నిజమని ఒప్పుకున్నట్టవుతుంది. చేయలేదు.

తిరిగొచ్చి తలుపు తీయగానే వాసన కొట్టింది. పులిసిన గంజి వాసన. సంచి మీద చేయి పెడితే కాలింది. మూతి విప్పి గుప్పిట్లోకి తీసుకుంటే గింజలు ఒకదానికొకటి అంటుకుని జిగురుగా వచ్చాయి. మూడు సంచుల్లో గింజ ఇంకా గింజలాగే కనిపిస్తోంది, మొలక మాత్రం లేదు. నాలుగోది మొత్తం ముద్ద అయిపోయింది. దాన్ని ఏ కంటితో చూసినా ఏం జరిగిందో తెలిసిపోతుంది. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు పోయిన వేళ దాన్ని నా బండి మీద పెట్టుకుని, రోడ్డు దిగువన వాగులో కుమ్మరించి వచ్చాను. మిగతా మూడింటినీ కడిగించి, వాసన పోయేలా నీడలో ఆరబోయించి, ఇసుకలో కలిపించాను. కొన్నయినా బతికి ఉంటాయన్న ఆశ.

చల్లడానికి వచ్చిన అక్క ఇసుకను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఎప్పటిలాగే శ్రద్ధగా చల్లింది. 

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. పొద్దున లేవగానే టీ కూడా తాగకుండా గెస్ట్‌హౌస్‌కు పోయి నేల మీద కూర్చుని, కళ్లు నేలకు ఆనించినంత పని చేసి వెతికేవాణ్ని. నాలుగో రోజు ఏమీ లేదు. అయిదో రోజు ఒక మూల పచ్చగా ఏదో కనిపిస్తే గుండె లేచొచ్చినట్టయింది. తుంగ. ఆరో రోజు పెద్ద సారు జీపు ఆపి, ఇంకెన్నాళ్లు అన్నాడు. రెండు రోజులు సార్ అన్నాను. అక్క మాత్రం రోజుకు నాలుగుసార్లు పైపు మూతికి గుడ్డ కట్టి, మొలవదని తెలిసిన నేలకు నీళ్లు పెడుతూనే ఉంది. గరికను మేమే నున్నగా గొరిగేశాం కాబట్టి లాన్ అంతకు ముందుకంటే ఘోరంగా, బొచ్చు ఊడిన కుక్కలా కనిపించేది.

పెద్దాయన వచ్చిన రోజున టెంటు సామాన్ల దుకాణం నుంచి ఆకుపచ్చ తివాచీలు తెచ్చి నేలంతా పరిచాం. ఆయన దాని మీద నడిచి, టీ తాగి, మాట్లాడి వెళ్లిపోయాడు. లాన్ సంగతి అడగనే లేదు. మా పెద్ద సారు మాత్రం మర్చిపోలేదు. మొలవని విత్తనానికి బాధ్యులెవరో తేల్చమన్నాడు.

కూలీలకు హాజరు వేసి పని పంచే మనిషిని ముకద్దం అంటారు. కాంట్రాక్టర్ తరఫున అదే అతని పెత్తనం. మర్నాడు పొద్దున నీళ్ల ట్యాంకు దగ్గర హాజరీలో, పదిపదిహేను మంది నిలబడి ఉండగా, అతను లెక్క తీశాడు. స్టోరు నుంచి వచ్చింది నాలుగు సంచులు, లాన్ మీదికి పోయింది మూడు. అతని తీర్పు అక్కడే అయిపోయింది. చల్లిన ఆడమనిషే ఒక సంచి అమ్ముకున్నది, మిగతా దాంట్లో ఇసుక కలిపి చల్లింది, మొలవమంటే ఎట్లా మొలుస్తుంది అన్నాడు. ఎవరో వెనక నుంచి, కోళ్లకేసిందేమో ఓసారి గుడ్లు చూడండి అన్నారు. కొందరు నవ్వారు.

నేను పక్కనే ఉన్నాను. అక్క నా వైపు తిరిగింది. నలుగురిలో ఏనాడూ నన్ను సారు తప్ప వేరే మాట అనని మనిషి.

"నువ్వన్న చెప్పు తమ్మీ. తాళంచెవి నీ దగ్గరనే ఉండె గద."

అందరూ నన్నే చూస్తున్నారు. నా అర్జీ, పెద్ద సారు ముఖం, మా అమ్మాయి కాలేజీ, ఒక్క క్షణంలో అన్నీ నా ముందు తిరిగాయి. ఆ వాగు కూడా.

"నాకేం తెల్వదు" అన్నాను.

ఆమె కొంగు నడుముకు బిగించుకుని దంతె ట్యాంకు గోడకు ఆనించి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆమెకు హాజరు పడలేదు. పక్క కాలనీలో పని అడగబోతే అక్కడి ముకద్దానికి అప్పటికే కబురు అందింది. గింజల దొంగ అని పేరు పెట్టారు. మూడు నెలల తర్వాత గోండ్‌పిప్రి దగ్గర అన్న ఊరికి వెళ్లిపోయిందని విన్నాను. నాకు చంద్రపూర్ ఆర్డరు వచ్చింది.

చంద్రపూర్ ఆఫీసు ముందు కూడా లాన్ ఉంది. నేను చేరాక ప్రతి చలికాలం అది పచ్చగా ఉంటోంది. దసరా వెళ్లాక తెల్లవారి చెప్పులు విడిచి నిలబడేది ఇప్పుడు నేను. అరికాలు జివ్వుమన్నాకే సంచి విప్పుతాను. ఇసుక, నిలువు, అడ్డం, పేడ ఎరువు, పైపుకు గుడ్డ. ఆమె పద్ధతిలో ఒక్క మెట్టు కూడా మార్చలేదు. జనవరిలో ఇంత పచ్చదనం ఎట్లా తెచ్చారని జనం మెచ్చుకుంటే తలూపి ఊరుకునేవాణ్ని.

పోయిన కార్తీకంలో, కొత్తగా వచ్చిన అధికారి వేరే ఆఫీసుల మాలీలను పిలిపించి వాళ్లకు పద్ధతి నేర్పమన్నాడు. లాన్ మధ్య నిలబడి అరికాలి సంగతి చెబుతున్నాను. వాళ్లలో ఒక ముసలి మాలి నా పాత కాలనీ నుంచే వచ్చినవాడు. నన్ను గుర్తుపట్టాడు. సంతోషంగా నవ్వుతూ అన్నాడు.

"గిదంత గప్పటి గింజల దొంగ చెప్తుండె గద సారు? మస్తు యాదికుంది మీకు."

అతని మాటలో దురుద్దేశం లేదు. ఆమె అసలు పేరు కూడా అతనికి గుర్తులేదేమో. నేను తర్వాత చెప్పిందేదీ నాకు గుర్తులేదు. నా చేతిలో ఉన్నది ఆమె పని, ఆమె మీద ఉన్నది నా పని. అది ఆ ముసలాయన నోటితో వినేదాకా నాకు పట్టలేదు.

ఆదివారం గోండ్‌పిప్రి బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో ఆమె అన్న ఊరు. ఆమె అరుగు మీద కూర్చుని, ఏరి తెచ్చిన పత్తిలోంచి ఎండాకు ముక్కలు తీస్తోంది. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. కూసో సారు అన్నది. సారు అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది.

బస్సులో కూడబలుక్కున్నదంతా చెప్పాను. పంపు గది, రెండు రోజుల మీటింగ్, వాగు, అన్నీ. ఆమె చేతులు ఆగలేదు. నేను ముగించాక ఇంకొంత పత్తి ముందుకు లాక్కుంది.

"గిది నాకెందుకు చెప్తున్నవ్ సారు? నేను దొంగతనం చెయ్యలేదని నాకు ఎరికే. నువ్వొచ్చి చెప్తె కొత్తగ ఎరికైతదా?"

తప్పు నాదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తానన్నాను. ఆమెకు నవ్వొచ్చింది.

"నాకు సదువొస్తదా? ముకద్దం కాగితం సదివి అన్నడా నన్ను? నోటితోని అన్నడు, హాజరీల అన్నడు. పోయి ఆడ చెప్పు. నేనొస్త, నా ముంగట చెప్పు."

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. అన్న కోడలితో ఎప్పుడు మాటామాటా పెరిగినా, దొంగ పేరు మోసుకొచ్చి మా ఇంట్ల కూసున్నవని ఆమె అంటుందట. ఏడేళ్లుగా ఆ అరుగు మీద ఆ మాట పడుతూనే ఉంది.

వారం తర్వాత సోమవారం హాజరీకి వస్తానని చెప్పి వచ్చాను గానీ, ఆ వారమంతా నాకు నిద్ర లేదు. నేనింకా ఉద్యోగంలో ఉన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటే ఎవరు ఎక్కడికి రాస్తారో, పాత ఫైలు ఏది తెరుస్తారో తెలియదు. మా ఆవిడకు అంతా చెప్పాను, మొదటిసారి. ఆమె, మన బిడ్డ చదువు కోసం చేసిన అని మాత్రం ఆడ చెప్పకు, బిడ్డను దీంట్లకు గుంజకు అన్నది.

సోమవారం పొద్దున ఎనిమిది కాకముందే కాలనీకి చేరాను. నీళ్ల ట్యాంకుకు కొత్త రంగు వేశారు. హాజరీకి ఇరవై మంది దాకా ఉన్నారు, సగం కొత్త ముఖాలు. ముకద్దం మాత్రం అతనే, కళ్లద్దాలు వచ్చాయి. అక్క తెల్లవారి మొదటి బస్సుకే వచ్చినట్టుంది, వెనక వేపచెట్టు కింద నిలబడి ఉంది. పక్కన ఇంకొక ఆడమనిషి. అన్న కోడలట. ఆమెనూ వెంటబెట్టుకొచ్చింది.

ముకద్దం నన్ను చూసి కుర్చీ తెమ్మని కేకేశాడు. వద్దన్నాను. ఒక మాట చెప్పాలి, అందరూ ఒక్క నిమిషం ఆగండి అని హిందీలో మొదలుపెట్టాను. ఏడేళ్ల కింద చలిగడ్డి విత్తనం విషయంలో ఒక పొరపాటు జరిగిందని అన్నాను. వెనక నుంచి అక్క గొంతు వచ్చింది.

"ఇనవడ్తలేదు సారు. గప్పుడు ముకద్దం గింత మెల్లగ అనలే. పొరపాటు జరిగిందంటవేంది, ఎవరు చేసిన్రు?"

అంతా వెనక్కి తిరిగి ఆమెను చూశారు. పాతవాళ్లు గుర్తుపట్టారు. ముకద్దం రిజిస్టరు మూసి, చేతిలోని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నేను వాళ్లను దాటి నడిచి ఆమె ఎదురుగా పోయి నిలబడ్డాను. ఈసారి తెలుగులో, ట్యాంకు అవతలికి కూడా వినిపించేలా చెప్పాను.

"ఈ అక్క ఒక్క గింజ గూడ తీసుకపోలే. నానబెట్టి గోనెలల్ల కట్టి గింజను ఉడకబెట్టింది నేను. ఖరాబైన సంచిని వాగుల పారేసింది నేను. చెయ్యొద్దని అక్క నాకు ముందే చెప్పింది, నేనినలే. గీ జాగలనే మీరందరు ఇనంగ నన్నడిగితె, తెల్వదని అబద్ధం చెప్పిన. అక్కా, నీ పని తీసింది నేను, నీ ఇజ్జత్ తీసింది నేను. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్."